మా ఊరు గీక్కుపోయిన కందెన

మా బావ పోయాడు. బడిలో మధ్యాహ్నం బెల్లు కొట్టాక స్టాఫ్‌రూములో టిఫిను డబ్బా మూత తీస్తుంటే అక్క ఫోన్ చేసింది. "మీ బావ టీ తాగి గ్లాసు కింద పెట్టాడే. ఇంకో మాట అనలేదు. అలాగే వెనక్కి వాలిపోయాడు," అంది. ఏడవడం లేదు. అదే మాట మళ్లీ మళ్లీ చెబుతోంది. డబ్బా మూత పెట్టేసి, హెడ్మాస్టరు గారికి ఒక మాట చెప్పి అక్కావాళ్లుండే నరసరావుపేట బస్సెక్కాను.

దారంతా ఏడ్చాను. కానీ ఇది రాస్తున్నది ఏడుపుతో కాదు, కోపంతో. ఆ కోపం పెద్దకర్మ రోజున మొదలైంది. మా ఊరి నుంచి ట్రాక్టర్ల మీద జనం వచ్చారు. భోజనాల ముందు మా బాబాయి మైకు పట్టుకున్నాడు. మైకు కనబడితే ఆయన ఆగలేడు. "మా అల్లుడు పట్టాలే ప్రాణంగా బతికాడు. ఉద్యోగంలో ఏదో చిన్న పొరపాటు జరిగిందిగానీ, మనిషి మాత్రం బంగారం," అన్నాడు. వడ్డనకి నిలబడ్డవాళ్లు కూడా గరిటెలు పట్టుకుని తలలూపారు. అక్క బావ ఫోటో పక్కన కూర్చుని నేల చూస్తోంది. నేను లేవబోతే చెయ్యి పట్టుకుని, "కూర్చోవే, ఈ పూటకి కూర్చో," అంది. కూర్చున్నాను. ఆ పూట అయిపోయింది కనక ఇప్పుడు చెబుతున్నాను. ఆ పొరపాటు మా బావది కాదు.

బావ రైల్వేలో పట్టాల ఇన్‌స్పెక్టరు. గుంటూరు నుంచి పడమరగా వెళ్లే లైనులో, మా ఊరి మీదుగా కొంత దూరం వరకూ పట్టాలు, వాటి కింద దిమ్మలు, కంకర, వాటిని చూసుకునే గ్యాంగులు, అన్నీ ఆయన కిందే. చిన్న గేజి తీసేసి పెద్ద పట్టాలు వేసిన కొన్నేళ్లకి ఆయన ఇక్కడికి వచ్చాడు. వచ్చిన కొత్తలోనే మా అక్కని చూసుకోవడానికి మా ఇంటికి వచ్చాడు.

ఆ పెళ్లిచూపులు మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. టిఫినయ్యాక పెద్దవాళ్లు మాటల్లో ఉంటే ఈయన గుమ్మం దగ్గర విడిచిన చెప్పుల్ని చూస్తూ నిలబడ్డాడు. అందులో ఒక జత చేత్తో తీసి, తిప్పి చూసి, "ఇవి ఎవరివండీ?" అన్నాడు. నాన్న కంగారుగా, "నావే బాబూ," అన్నాడు. "కుడి చెప్పు మడమ బయటివైపు బాగా అరిగింది. మీకు ఆ మోకాలు నొప్పి ఉండాలే," అన్నాడు. నాన్నకి నిజంగానే మోకాలు నొప్పి. పిల్ల నచ్చిందో లేదో చెప్పకుండా మామగారి చెప్పులు పరీక్ష చేసిన పెళ్లికొడుకుని నేను అప్పటికి చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. "అక్కా, నిన్ను కూడా ఎక్కడ అరిగావో చూస్తాడే," అని ఏడిపించాను.

ఆయన బొటనవేలు ఊరికే ఉండేది కాదు. కంచం అంచు, కత్తిపీట చెక్క, మెట్టు అంచు, ఏది దొరికితే దాన్ని రాసి చూసేవాడు. మా బడికి వస్తే పిల్లలు కూర్చునే బల్లల అంచులు రాసి చూశాడు. కోపం కూడా ఎక్కువే. గ్యాంగువాళ్ల మీద అరిస్తే స్టేషను దాకా వినిపించేది. అరిచిన నోటితోనే వాళ్లని కూర్చోబెట్టి టీ పోయించేవాడు. అల్లుడు వచ్చాడని అమ్మ గారెలు వండితే, లైను మీద ఉన్నవాళ్లకి డబ్బాలో పెట్టించుకుని పోయేవాడు.

ఇనుము ఎలా అరుగుతుందని నేనే ఒకసారి అడిగాను. మా ఊరి దగ్గర లైను చెరువుకట్ట తప్పించుకోవడానికి ఒక మలుపు తిరుగుతుంది. అక్కడికి తీసుకెళ్లి చూపించాడు. "రైలుకి తిరగాలని ఉండదు మరదలా. తిన్నగా పోవాలనే ఉంటుంది. మలుపులో బయటి పట్టా అడ్డం నిలబడి తోస్తే తిరుగుతుంది. తోసినప్పుడల్లా కాస్త అరుగుతుంది," అన్నాడు. బయటి పట్టాని అందుకే కొంచెం ఎత్తులో పెడతారట. ఆ ఎత్తు సరిపోకపోతే వేగంగా పోయే బండి బయటి పట్టాని తినేస్తుంది. మరీ ఎత్తు పెడితే మెల్లగా పోయే గూడ్సు బండి లోపలి పట్టా మీద కూర్చుంటుంది. కింద నల్లరేగడి. ఎండాకాలం నోళ్లు తెరుస్తుంది, వానకి ఉబ్బుతుంది. పొద్దున సరిచేసిన ఎత్తు వాన పడితే మారిపోతుంది. "అరగకుండా ఆపలేం. తొందరగా అరగకుండా చూడగలం. మా ఉద్యోగం అంతే," అన్నాడు.

అలా చూడటానికి ఆయన చేతిలో ఉన్న వాటిలో ముఖ్యమైనది గ్రీజు. చక్రం అంచు పట్టాని ఒరుసుకునే చోట, అంటే పట్టా లోపలి పక్కన, గ్యాంగువాళ్లు నల్లటి గ్రీజు పూస్తారు. పైన అంటితే బ్రేకు పట్టదు, చక్రం జారుతుంది. పక్కన పూయకపోతే పట్టా అరుగుతుంది. అరిగీ అరిగీ ఆ పక్క వాలుగా తయారవుతుంది. నిలువు గోడ ఎక్కడం కష్టం, వాలుగట్టు ఎక్కడం తేలిక. చక్రానికీ అంతే. వాలు ఎక్కువై, దాని మీద జిడ్డు కూడా లేకపోతే, ఏదో ఒకరోజు చక్రం పట్టా ఎక్కి అవతలికి దిగుతుంది.

ఇప్పుడు మా అక్క కొడుకు బారసాల సంగతి చెప్పాలి. మా ఇంట్లోనే చేశాం. బావ లైను మీద నుంచి తిన్నగా వచ్చి, పశువుల కొట్టం పక్కన కాళ్లు కడుక్కుని, పంక్తిలో కూర్చున్నాడు. అమ్మ పప్పు వడ్డించింది, నెయ్యి వేసింది. ఆయన అన్నంలో చెయ్యి పెట్టలేదు. లేచి వెళ్లి వసారాలో మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

"అల్లుడు అలిగాడు!" అంది పిన్ని. ఆ మాట ఇల్లంతా పాకింది. ఇంట్లో ఉత్సాహం వచ్చింది. కొడుకు పుట్టిన అల్లుడు బారసాలకి అలగకపోతే ఏం బాగుంటుంది? ఆడవాళ్లు నవ్వుతున్నారు. బాబాయి మీసం దువ్వుకుంటూ, "నేను ముందే చెప్పాను, ఉంగరం పెట్టాలని. విన్నారా?" అని నాన్నని దులిపేశాడు. నాన్న తన వేలికున్న ఉంగరం సబ్బు రాసి లాగి, దాన్ని తమలపాకులో పెట్టి అల్లుడి ముందు నిలబడ్డాడు.

బావ ఆ ఉంగరం వైపు చూసి, "నాకు ఉంగరం వద్దు మామయ్యగారూ," అన్నాడు. "మీ బండి ఇరుసుకి పూసిన కందెన ఎక్కడిది?"

నాన్న తెల్లబోయాడు. "ఎక్కడిదేంటి బాబూ? పట్టా పక్క నుంచి గీక్కొచ్చిందేగా! ఊరంతా అదే వాడతన్నారు. మీ వాళ్లు పని చేసుకుని, మిగిలిందంతా ఆ పట్టాకి తుడిచేసి పోతన్నారు. గవర్నమెంటు కందెన కదా, ఎంత మెత్తగా ఉంటదో! ఎండలో పడి పాడైపోకుండా తెచ్చుకుంటన్నాం."

నాన్న దొంగతనం చేశానని అనుకోలేదు. ఊళ్లో ఎవరూ అనుకోలేదు. ఇరుసు తిరుగుతుంది, దానికి కందెన కావాలి. పట్టా కదలకుండా పడి ఉండే ఇనుము, దానికి కందెన ఎందుకు? పనివాళ్లు చేతులు తుడుచుకున్నారనే అనుకున్నారు. బావ తన రెండు వేళ్లు చూపించాడు. కొట్టం దగ్గర బండి ఇరుసు రాసి చూసిన వేళ్లు, పెన్సిలు ముక్కు పొడి అంటినట్టు నల్లగా మెరుస్తున్నాయి.

"అదీ ఇరుసే మామయ్యగారూ," అన్నాడు. "మీ బండి కీచుమంటే మీరు దిగి చూసుకుంటారు. నా బండి కీచుమంటే ఎవడూ దిగడు."

నాన్నకి అర్థమైంది. ఆ రోజే ఇరుసు తుడిచేశాడు, మళ్లీ పట్టా జోలికి పోలేదు. బావ తిరిగొచ్చి పంక్తిలో కూర్చుని రెండోసారి పప్పు కూడా వేయించుకున్నాడు. కానీ బాబాయి పొట్ట పట్టుకుని నవ్వాడు. "కందెన కోసం అలిగిన అల్లుణ్ణి ఈ జిల్లాలో చూశారంట్రా?" అన్నాడు. ఆ రోజు నుంచి ఊళ్లో మా బావ పేరు కందెన అల్లుడు. పిలిచినవాళ్లకి సరదాగా ఉండేది. బావ కూడా నవ్వేవాడు. నాకు ఒళ్లు మండేది, ఎందుకంటే నవ్వుకుంటూనే గీక్కుపోయేవాళ్లు. పొద్దున గ్యాంగు పూసేది, సాయంత్రానికి పట్టా పక్క నాకేసినట్టు ఉండేది.

బావ మాటలతో చెప్పాడు, అరిచాడు, పంచాయితీ అరుగు మీద కూర్చుని బతిమాలాడు. చివరికి బజారు కందెన డబ్బా ఒకటి కొని రైలు గేటు దగ్గర పెట్టించాడు. "మీ బండ్లకి ఇది తీసుకోండి, నా పట్టాకి అది వదిలేయండి," అన్నాడు. మా ఊరి వాళ్లు అదీ తీసుకెళ్లారు, ఇదీ తీసుకెళ్లారు. డబ్బా కూడా మిగల్చలేదు. ఇంకా చెప్పాలంటే ఆ డబ్బాలో ఎవరో కోళ్లకి నీళ్లు పెట్టారు.

ఆ మలుపులో బయటి పట్టా ఆయన లెక్కకి ముందే అరిగింది. కొత్త పట్టాలు కావాలని పైకి రాశాడు. ఇప్పట్లో లేవన్నారు. అయితే రెండు పట్టాల్నీ అటూ ఇటూ మార్చుకుంటాను, అరగని పక్క చక్రం వైపు వస్తుంది, అన్నాడు. "చొక్కా కాలరు చిరిగితే తిప్పి కుట్టించుకోమా మరదలా, అలాగే," అని నాకు చెప్పాడు. దానికి కొంతసేపు బండ్లు ఆపాలి. సిమెంటు, బొగ్గు బండ్లు ఆపడం కుదరదన్నారు. ఇక ఆయన చేయగలిగింది ఒక్కటే. మలుపుకి రెండు వైపులా నెమ్మదిగా పొమ్మనే బోర్డులు పెట్టించాడు.

అంతే, ఊరు లేచింది. పొద్దున పాసింజరు ఆలస్యమవుతోందని కాలేజీ పిల్లలు, వాళ్ల వెనక మిరపకాయల యార్డుకి పోయే రైతులు, అందరికీ ముందు మా బాబాయి. ఆ మలుపులోనే పట్టాల మీద కూర్చున్నారు. బావ పట్టాల మీద తోయించుకునే ట్రాలీ మీద వచ్చి దిగాడు. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను.

"ఏవయ్యా కందెన అల్లుడూ!" అని బాబాయి మొదలుపెట్టాడు. "మేం యార్డుకి చేరేసరికి వేలం అయిపోతంది. పిల్లలకి క్లాసులు పోతన్నయ్. నీ బోర్డు తీస్తావా తీయవా?"

"చిన్నమామయ్యగారూ, మీరు కూర్చున్న పట్టా మీద చెయ్యి పెట్టండి. పైన కాదు, పక్కన," అన్నాడు బావ.

బాబాయి చెయ్యి పెట్టాడు. "ఏముంది? నున్నగా ఉంది."

"నున్నగా ఉండకూడదు. జిడ్డుగా ఉండాలి. దాన్ని ఎండబెట్టింది మీరే, బోర్డు తీయమంటందీ మీరే."

బాబాయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ తర్వాత వెనక నుంచి ఎవడో, "మమ్మల్ని దొంగలంటన్నాడ్రోయ్!" అని అరిచాడు. ఇక ఎవరి మాటా ఎవరికీ వినబడలేదు. నేను బాబాయి మీదకి వెళ్లి, "నీ బండికి పూసిందేంటో ఇప్పుడే చూపించు, పద," అన్నాను. "ఆడపిల్లవి, నీకెందుకే రైల్వే సంగతులు?" అన్నాడు. మధ్యాహ్నానికి పై ఆఫీసు నుంచి జీపు వచ్చింది. అందులోంచి దిగినాయన జనాన్ని చూశాడు, పట్టా వైపు చూడలేదు. కొద్ది రోజుల్లో బావని సముద్రం వైపు బదిలీ చేశారు. ఆయన వెళ్లాక బోర్డులు తీసేశారు. మా బాబాయికి ఊళ్లో దండ వేశారు.

చీరాలలో వాళ్ల క్వార్టర్సుకి నేను సెలవులకి వెళ్లేదాన్ని. అక్కడ ఉప్పుగాలి పట్టాల అడుగుని, దిమ్మలకి బిగించే చోట తుప్పు పట్టించి తింటుంది. బావ బ్రష్షులు పట్టించి నల్ల రంగు వేయిస్తుండేవాడు. "ఇక్కడ దొంగ ఒక్కడే మరదలా, సముద్రం. వాడు మన చుట్టం కాదు, హాయిగా ఉంది," అనేవాడు. అలా అంటూనే, మా ఊరి నుంచి ఎవరొచ్చినా మొదట అడిగేది మలుపు గురించే.

మిరప మూడో కోతల్లో ఉండగా ఆ మలుపులో గూడ్సు బండి చక్రం పట్టా ఎక్కింది. పెట్టెలు పక్క చేలోకి ఒరిగిపోయాయి. కోతకి వచ్చిన ఆడవాళ్లు పరిగెత్తారు. ఒకమ్మాయి పరిగెత్తలేకపోయింది. మా ఊరి పేటలో ఉండే మనిషి, చర్చిలో పాట ఎత్తుకునే గొంతు ఆమెది. మోకాలి కింద కాలు తీసేశారు.

విచారణలో అడిగిందల్లా, పట్టా ఎవరి హయాంలో అంత అరిగిందని. మా బావ హయాంలోనే. బోర్డు ఎవరు తీశారని గట్టిగా అడిగినవాళ్లు లేరు. గ్రీజు ఎందుకు పూయించలేదని అడిగారు. "పూయించాను. నిలవలేదు," అన్నాడట. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆయనకి రావలసిన ప్రమోషను ఆపేశారు. తన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు తనకి పైవాళ్లయి వస్తుంటే, ఆయన అదే కుర్చీలోంచి రిటైరయ్యాడు. ఆయన మీద రాసిన మాట నిర్లక్ష్యం. ఆ మాటే మా ఊరి నోట్లో చిన్న పొరపాటుగా మారింది.

నేను చీరాల వెళ్లి ఆయనతో పోట్లాడాను. "ఊరు గీక్కుపోయిందని ఎందుకు చెప్పలేదు మీరు? నోరు లేదా? గ్యాంగు మీద అరిచే నోరు ఏమైంది?" అన్నాను.

ఆయన బొటనవేలితో కుర్చీ చెయ్యి అంచు రాస్తున్నాడు. "నేను చెబితే పోలీసులు ఊళ్లోకి వస్తారు," అన్నాడు. "అందరూ మాకు తెలవదంటారు. మీ నాన్న ఒక్కడే అబద్ధం చెప్పలేడు. ఎప్పుడో మానేసినవాడు, నేనూ గీకాను బాబూ అని ముందుకొచ్చి నిలబడతాడు. మిగతావాళ్లంతా ఆయన వెనక దాక్కుంటారు. ఆ వయసులో మామయ్యగారిని స్టేషనుకి పంపమంటావా?"

మా నాన్నని కాపాడినందుకు ఆయనకి జీవితాంతం దణ్ణం పెట్టుకుంటాను. కానీ మా నాన్న చాటున ఊరంతా తప్పించుకుంది చూశారూ, దాన్ని మాత్రం మింగలేను. బావ మీద కూడా కోపమే. మంచితనం అంత మౌనంగా ఉంటే దాని మీద ఎవరైనా కూర్చుని దండలు వేయించుకుంటారు.

కాలు పోయిన అమ్మాయిని గుంటూరు ఆసుపత్రిలో ఉంచినన్నాళ్లూ ఆయన సెలవు దొరికినప్పుడల్లా వెళ్లి కూర్చునేవాడు. ఒకసారి అక్కా నేనూ కూడా వెళ్లాం. బత్తాయిలు ఒలిచి ఇస్తుంటే ఆమె, "మీరెందుకండీ రావటం? రావలసినోళ్లు ఎవరూ రాలేదు," అంది. ఆమెకి తెలుసు. పట్టా పక్క చేలో కోసే మనిషికి ఎవరు గీకుతున్నారో కనబడదా? బావ తల వంచుకుని ఇంకో తొన ఒలిచాడు. పెద్దకర్మకి ఆమెని పిలవాలని ఎవరికీ తోచలేదు. ఆమే బస్సెక్కి వచ్చింది. పందిరి బయట నుంచే ఫోటోకి దణ్ణం పెట్టి, మా బాబాయి మైకులో మాట్లాడుతుంటే వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

భోజనాలయ్యాక నాన్నని దింపడానికి నేను ఊరికి వెళ్లాను. మర్నాడు పొద్దున నిద్ర లేచిన నాన్న, "అల్లుడి పట్టా ఒకసారి చూసొద్దాం పద," అన్నాడు. చేతికర్ర పట్టుకుని మెల్లగా నడిచాడు. ప్రమాదం తర్వాత ఆ మలుపులో కొత్త పట్టాలు వేశారు. గ్యాంగు అప్పుడే గ్రీజు పూసి ముందుకు పోయింది, వాళ్ల ఎర్రజెండా దూరంగా కనబడుతోంది. ఇప్పుడు ఊళ్లో ఎడ్లబండ్లు అంతగా లేవు. ట్రాక్టర్లు, వాటి వెనక ట్రక్కులు, మందుకొట్టే మిషన్లు. వాటికీ కందెన కావాలి.

నాన్న వంగలేడు. "నువ్వు చూడవే," అన్నాడు. వంగి చూశాను. కొత్తగా పూసిన నల్లటి గ్రీజు మధ్యలో, నాలుగు వేళ్లు కలిపి లాగిన గీతలు, జానెడు జానెడు దూరంలో, మలుపు పొడవునా. ఆ గీతల్లోంచి ఇనుము తెల్లగా మెరుస్తోంది.

"కందెన ఉందా?" అన్నాడు నాన్న.

నేను జవాబు చెప్పేలోపు పాసింజరు వచ్చింది. ఇద్దరం పక్కకి జరిగాం. మెత్తగా వస్తున్న బండి మలుపులోకి తిరగగానే కీచుమంది, ఆ చప్పుడు ఆగింది, మళ్లీ కీచుమంది. కిటికీల్లో కూర్చున్న పిల్లలు మా వైపు చేతులూపుతున్నారు. నాన్న కర్ర కిందపడేసి రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.